ఎడమ చెవితో ఏం పని

“సెవుడేటే నీకు?”

మా ఆయన దుర్గారావు పంతొమ్మిదేళ్ళుగా అంటున్న మాట ఇది. పెళ్ళైన మూడోరోజు మొదలుపెట్టాడు. తువ్వాలు అడిగాక రెండు క్షణాలు ఆగాల్సొస్తే అంటాడు. మంచినీళ్ళ కోసం రెండోసారి పిలవాల్సొస్తే అంటాడు. చిత్రమేమిటంటే, నాకు నిజంగానే ఎడమ చెవి తగ్గడం మొదలైన ఈ రెండేళ్ళలో ఆ మాట అనడం బాగా తగ్గించాడు. ఎందుకంటే చెవి తగ్గేకొద్దీ అతను అడగకముందే నేను అందించడం నేర్చుకున్నాను. పొద్దున్నే అతని పెదాలు కదిలాయంటే టీ. పది దాటాక కదిలితే అన్నం. చొక్కా చేతిలో పట్టుకుని కదిలితే బొత్తాం ఊడిందని. మా అత్త వరహాలమ్మ నోరు తెరిస్తే తమలపాకులో, మోకాళ్ళకి రాసుకునే మందో, లేకపోతే నా తప్పులో. మొదటి రెండూ తెచ్చిస్తే చాలు, మూడోదానికి ఎలాగూ జవాబు అక్కర్లేదు. అలా రెండేళ్ళు ఒకటిన్నర చెవితో సంసారం లాక్కొచ్చాను. ఇందులో నా తెలివేమీ లేదు. మా ఇంట్లో నాతో అనే మాటల్లో కొత్తమాట ఉండదు, అంతే.

సముద్రంతో అలా కుదరదు. నేను ఫిషింగ్ హార్బర్‌లో బోటు యజమానుల సంఘం వారి వైర్‌లెస్ గదిలో కూర్చుంటాను. ఇంటర్ చదివాను, గుండ్రంగా రాస్తాను, మొగుడు బోటు డ్రైవరు కాబట్టి బోట్ల సంగతులు తెలుసు. ఈ మూడు కారణాలతో ఆరేళ్ళ కిందట పెట్టుకున్నారు. నేను దాన్ని ఉద్యోగం అనుకుంటాను. సంఘంవాళ్ళు “సాయంగా కూకుంటాది” అంటారు. గదిలో రెండు సెట్లు ఉంటాయి. కుడిపక్క సెట్టులో రోజువారీ మాటలు నడుస్తాయి. ఎవరెక్కడున్నారు, ఏం పడింది, ఐసు ఎంత మిగిలింది, ఇంటి దగ్గర పిల్లాడికి జ్వరం తగ్గిందా. ఎడమపక్క సెట్టు పదహారో ఛానెల్. అది ఆపదకి. నెలకోసారి పలికినా ఎక్కువే, కానీ పలికిందంటే చేతిలో ఉన్నది పడేసి అందుకోవాలి. రెండింటి మధ్య కుర్చీ వేసుకుని, పుస్తకంలో రాసుకుంటూ, తలెత్తకుండానే ఏది పలికితే ఆ మైకు అందుకునేదాన్ని. ఎడమనుంచి వస్తే ఎడమచెయ్యి, కుడినుంచి వస్తే కుడిచెయ్యి. కళ్ళతో పనే ఉండేది కాదు.

నాకు ఆ గది అంటే ప్రాణం. వైర్‌లెస్‌లో ఒకరు మీట నొక్కి మాట్లాడుతుంటే రెండోవాళ్ళకి మాట్లాడే వీలు లేదు. చెప్పాల్సింది చెప్పి, మీట వదిలి, అవతలి మాట కోసం ఆగి తీరాలి. నడిసముద్రంలో అంతమంది మగాళ్ళు నాగశ్రీ ఏం చెబుతుందా అని మీట వదిలి ఆగుతారు. ఇంట్లో ఆ మీట ఎవరూ వదలరు.

పోయిన కార్తీకంలో వాయుగుండం పట్టింది. బోట్లన్నీ వెనక్కి తిరిగాయి, సెట్టు నిండా గొంతులే. ఆ గొంతుల్లో నాగబాబు “హార్బరూ, హార్బరూ” అని పిలవడం వినిపించింది. అతని బోటు ఇంజిన్ ఆగిపోయింది. అతను పిలుస్తున్నది ఎడమపక్క సెట్టులో. నాకు వినిపించింది కుడి చెవిలో. కుడి మైకు పట్టుకుని “సెప్పు నాగబాబూ, ఇంటన్నాను, సెప్పు” అని అరుస్తూనే ఉన్నాను. అతనికి నా మాట అందదు, ఎలా అందుతుంది? ఇరవై నిమిషాలు. అతని సెట్టే పాడైపోయిందనుకున్నాను గానీ తలెత్తి ఎడమ సెట్టు మీద పిలుపొచ్చినప్పుడు వెలిగే దీపం చూడాలని తోచలేదు. దగ్గర్లో ఉన్న ఇంకో బోటు ఆ కేక విని తాడుకట్టి లాక్కొచ్చింది గనక సరిపోయింది. అందులో ఏడుగురున్నారు. ఆ ఏడు ఇళ్ళూ నాకు తెలుసు.

మర్నాడు సంఘం కార్యదర్శి చలమయ్య అందరి ముందూ, “ఆడోల్ని కూకోబెడితే ఇంతే. ఫోను సూసుకుంటా ఉండుంటాది” అన్నాడు. నేను ఫోను చూడలేదు. నిజం చెబితే కుర్చీ పోతుంది, చెప్పకపోతే పరువు పోతుంది. పరువు పోనిచ్చాను. మర్నాటి నుంచి ప్రతి పిలుపుకీ తలెత్తి రెండు దీపాలూ చూడటం మొదలుపెట్టాను. సాయంత్రానికి మెడ పట్టేసేది. పుస్తకంలో అక్షరాలు వంకరపోయేవి.

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ద్వారకా నగర్‌లో చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అక్కడినుంచి స్కానింగ్‌కి, స్కానింగ్ నుంచి పెద్దాసుపత్రికి. ఎకౌస్టిక్ న్యూరోమా అని రాసిచ్చారు. కేన్సర్ కాదు. చెవి నుంచి మెదడుకి పోయే నరం మీద రేగుపండంత గడ్డ. మూడునెలలాగి మళ్ళీ స్కానింగ్ తీస్తే కాస్త పెరిగింది. తియ్యాలన్నారు.

ఆపరేషన్ వేట నిషేధంలోనే పెట్టించుకుందామనుకున్నాను. ఏప్రిల్ పదిహేను నుంచి రెండునెలలు బోట్లు కదలవు, సెట్లు పలకవు, నా కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టే అవసరం రాదు. జూన్‌లో బోట్లు కదిలేసరికి లేచి కూర్చోవచ్చు. “మగవాళ్ళంతా ఇంటి దగ్గరే ఉంటారు కదా, మీకు సాయం ఉంటుంది” అంది పెద్దాసుపత్రి డాక్టరమ్మ. పాపం, ఆవిడకి మా సంగతి తెలియదు. నిషేధం సముద్రానికే గానీ పొయ్యికి లేదు. పదిహేనురోజులకోసారి వచ్చే మనిషి అరవై రోజులు ఇంట్లోనే ఉంటే టీలు రెట్టింపవుతాయి, పేకాటకి వచ్చినవాళ్ళ టీలు ఇంకో రెట్టింపు.

నిషేధం మొదలైన వారంలో మా ఆయనకి విషయం చెప్పి, వెంటపెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నన్ను అడుగుతుంటే అతను జవాబులు చెప్పాడు. తల తిరుగుతుందా అంటే, “నేదండి, పన్లన్నీ సేసుకుంటాది” అన్నాడు. చెవిలో హోరు ఉంటుందా అంటే, “అదేటీ నాకెప్పుడూ సెప్పనేదండి” అన్నాడు. ఆవిడ కాగితం మీద చెవి బొమ్మ గీసి, రెండు గీతలు పెట్టింది.

“రెండు దారులున్నాయి. మొదటిది చెవిలోంచే పోతుంది. లోపలి చెవిని తీసేసి గడ్డ దగ్గరికి వెళ్తాను. ఆ చెవి పూర్తిగా పోతుంది, అందులో అనుమానం లేదు. కానీ ముఖాన్ని కదిలించే నరం నాకు ముందే కనిపిస్తుంది కాబట్టి దాన్ని కాపాడటం కొంచెం తేలిక. రెండో దారి ఇంకాస్త వెనకనుంచి, తల ఎముక తెరిచి. ఇందులో లోపలి చెవిని తియ్యను. మీలాంటివాళ్ళలో పదిమందికి ముగ్గురో నలుగురో ఉన్న వినికిడి నిలబెట్టుకుంటారు. కాస్త నిలిచినా మిషను పెట్టి దాన్ని పెంచొచ్చు. పూర్తిగా పోయిన చెవికి మామూలు మిషను పనిచెయ్యదు. కానీ ఈ దారిలో ముఖం నరానికి ప్రమాదం కాస్త ఎక్కువ. దెబ్బతింటే మూతి ఒకపక్కకి లాగుతుంది, ఆ పక్క కన్ను సరిగా మూతపడదు. చాలామందికి నెలల్లో తగ్గుతుంది. కొందరికి తగ్గదు. రెండూ నేను చేసేవే. రెండూ తప్పు కాదు.” ఆవిడ పెన్ను కింద పెట్టి నావైపు చూసింది. “ఆ ఎడమ చెవితో మీకేం పని పడుతుందో చెప్పండి. దాన్నిబట్టి ఆలోచిద్దాం.”

“దానికేటి పనండి డాక్టరమ్మా, ఇంటికాడే కదా ఉంటాది” అన్నాడు మా ఆయన. “సెవి పోతే పోనీండి. మొకం బాగుండాల.”

వారం ఆలోచించుకు రమ్మంది ఆవిడ. ఇదే ఆపరేషన్ వేరేచోట చేయించుకుని ఇప్పుడు తన దగ్గర చూపించుకుంటున్న రాధ అనే ఆవిడ ఫోన్ నంబరు ఇచ్చింది, దువ్వాడలో ఉంటారు, వెళ్ళి మాట్లాడమని. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే దుర్గారావు నా చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో ఎప్పుడూ పట్టుకోనివాడు. “నీ మొకం నాకు కావాలే” అన్నాడు. అబద్ధం ఎందుకు, ఆ మాటకి కరిగిపోయాను. అతని అరచెయ్యి చెమటపట్టి ఉంది. నిజంగానే భయపడ్డాడు. ఇంటికొచ్చి, పొయ్యి వెలిగించి, చేపలు తోముతున్నప్పుడు గానీ తట్టలేదు, నాకేం కావాలో అతను అడగలేదని.

అత్తకి విషయం చెప్పగానే తీర్పు వచ్చేసింది. “ఓలమ్మా, ఇందులో ఆలోసించీదేటి? సెవి పోతే ఎవులికి తెలుత్తాది? మూతి వొంకరైతే పేటంతా తెలుత్తాది. రేపు పేరంటానికెల్తే నీ మొకం సూసి పిల్లలు జడుసుకోరేటి?” ఆవిడ చెడ్డది కాదు. తను చూసిన లోకం చెప్పింది. ఆడదానికి కనపడే లోపం ఉంటే ఊరు వదలదు, కనపడనిది ఎంత ఉన్నా మోసుకుని తిరగొచ్చు. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయి పదేళ్ళయింది, మావయ్య బతికున్నన్నాళ్ళూ ఆ నొప్పి ఆయనకి తెలియనివ్వలేదని గొప్పగా చెప్పుకుంటుంది.

నాకూ నా ముఖమంటే ఇష్టమే. అద్దం ముందు నిలబడి ఎడమసగం అరచేత్తో కప్పి చూసుకున్నాను. తర్వాత చెయ్యి తీసి మూతిని వేళ్ళతో పక్కకి లాగి చూసుకున్నాను. భయం వేసింది. కన్ను మూతపడకపోతే హార్బర్ దుమ్ములో, ఉప్పుగాలిలో ఎలా అని భయం. హార్బర్‌లో జనం నా మాట వినడం మానేసి నా మూతి చూస్తారేమోనని భయం. ఆ రాత్రి మొదటి దారే మంచిదనుకున్నాను, అందరూ చెప్పేదీ అదే కదా.

దువ్వాడకి మా అమ్మాయి అలేఖ్యని తోడు తీసుకెళ్ళాను. ఇంటర్ రెండో ఏడు, మాట తక్కువ పిల్ల. రాధగారి భర్త స్టీలుప్లాంటులో పనిచేస్తాడు, తణుకు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆవిడ గుమ్మంలోనే నన్ను భుజాలు పట్టుకుని ఇటునుంచి అటు మార్చి, “ఈ పక్కన కూర్చోండమ్మా, ఆ పక్క చెవి లేదు నాకు” అని నవ్వింది. ముఖం చక్కగా ఉంది. రెండు కళ్ళూ సమానంగా మూస్తోంది, నవ్వు తిన్నగా ఉంది. నా చూపు కనిపెట్టి, “చూసుకోండి, ఏం తెలీదు కదా? అందరూ అదే అంటారు, ఏం తెలీటం లేదండీ అని” అంది.

ఆవిడ ఇంట్లో పాతికమంది పిల్లలకి ట్యూషన్ చెప్పేదట. ఆపరేషన్ అయ్యాక ఆర్నెల్లు ప్రయత్నించి మానేసిందట. “ఎవరు ఏ మూలనుంచి అడిగారో తెలిసేది కాదండీ. ఒకళ్ళు అడిగితే ఇంకొకళ్ళ వైపు తిరిగి జవాబు చెప్పేదాన్ని. పిల్లలు కదా, నవ్వేవారు. ఇప్పుడు ఫంక్షన్లకి వెళ్తే గోడవారన కుర్చీ వెతుక్కుంటాను. నలుగురూ నవ్వినప్పుడు నేనూ నవ్వుతాను, ఎందుకో తెలియకుండానే.”

“మరి రెండో దారి వొద్దనుకున్నారా?” అని అడిగాను.

ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. “రెండో దారి ఉండేదని నాకు ఆపరేషనైన ఏడాదికి తెలిసిందండీ. అప్పటి డాక్టరుగారు మావారికి ముందే చెప్పారట. నేను కంగారుపడతానని మావారు చెప్పలేదట. మంచికే అనుకున్నారు. చెప్పుంటే నేనూ ఇదే ఎంచుకునేదాన్నేమో. ఏమో మరి. నన్నడగలేదు కదండీ” అంది. నవ్వుతూనే అంది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ తరఫున మండిందో, నా తరఫునో తెలియదు.

తిరుగు రైల్లో కిటికీ పక్క కూర్చున్నాను. అలేఖ్య వచ్చి నా ఎడమపక్క ఖాళీ సీటు చూసి, అక్కడ కూర్చోకుండా, ఎదురుగా ఉన్నాయన్ని బతిమాలి నన్ను అటు మార్పించి నా కుడిపక్కకి చేరింది. అప్పుడు అర్థమైంది. ఈ పిల్ల ఇంట్లో కూడా చాన్నాళ్ళుగా నా కుడిపక్కనే తిరుగుతోంది.

“నీకు ఎప్పట్నుంచి తెలుసే?”

“పోయిన ఏడాదినుంచి. కంచరపాలెం దగ్గర బస్సెక్కి ఒకడు రోజూ నా ఎనకాలే నిలబడతన్నాడమ్మా, బయ్యమేత్తంది అని సెప్పాను నీకు. నువ్వు వొంగి చేపలు కోత్తన్నావ్. ‘సరేలే, బేగి తానం సేసి రా’ అన్నావ్. ముందు కోపమొచ్చింది. తర్వాత ఇంకోటి అడిగి సూసాను. దానికీ సంబంధం నేని జవాబిచ్చావ్. అప్పుడు తెలిసింది.”

“మరి ఆడు?”

“బస్సు మార్సీసాను. అరగంట ముందెల్తన్నాను. ఇప్పుడు లేడులే.”

నేను ఏడ్చాను. రైల్లో జనం చూస్తున్నారని కూడా ఆలోచించలేదు. మా ఇంట్లో కొత్తమాట ఉండదని ఎంత గర్వంగా అనుకున్నాను! ఉంది. ఒక్క పిల్ల దగ్గర ఉంది, అది నా ఎడమపక్క నుంచి వచ్చింది, నేను దానికి పాత జవాబు ఇచ్చాను. ఆ పిల్ల రెండోసారి చెప్పకుండా దారి మార్చుకుంది. చిన్నప్పుడు నేనూ అంతే చేశాను. ఎవరూ వినరని తేలాక ఆడపిల్ల అరవదు, అరగంట ముందు లేస్తుంది.

ఆ వారమంతా పని చేస్తూనే లెక్కచూసుకున్నాను. రెండో దారిలో వెళ్ళినా చెవి దక్కకపోవచ్చు. పదిమందిలో ఆరేడుగురికి దక్కదనే కదా అర్థం. దక్కినా ఇప్పుడున్నంతే, అంతకంటే బాగుపడదు. మూతి కూడా పోవచ్చు. ఇవన్నీ నాకు తెలుసు, తెలిసే ఆలోచించాను. మొదటి దారిలో చెవిని నా చేత్తో తీసిచ్చేస్తాను, అది అక్కర్లేదని ఇంట్లో తేలిపోయింది కాబట్టి. కాపాడుకోబోయి పోగొట్టుకోవడం వేరు, ఎవరికీ పనిలేదని ఇచ్చెయ్యడం వేరు. ఆ చెవితో పని ఎవరికి? మా ఆయనకి లేదు, అత్తకి లేదు. వాళ్ళకి నేను వినకపోయినా జరిగిపోతుంది, రెండేళ్ళు జరిగింది కూడా. నాకుంది. నాకు ఒక గొంతు ఎటునుంచి పిలుస్తోందో తెలియాలి.

వారం తర్వాత డాక్టరమ్మ ముందు ముగ్గురం కూర్చున్నాం. అలేఖ్య కూడా వస్తానంది. ఆవిడ ఫైలు తెరిచి, “ఏం అనుకున్నారు?” అంది.

“మొదటిదేనండి” అన్నాడు దుర్గారావు. “ఇంట్లో అందరం అనుకున్నాం.” సంతకం పెట్టాల్సిన కాగితం అప్పటికే తనవైపు తిప్పుకున్నాడు.

నేను డాక్టరమ్మని అడిగాను. “ముఖం నరం దెబ్బతింటే మాట తేడా వస్తుందా అండి?”

“కొన్నాళ్ళు ప, బ, మ లాంటివి సరిగ్గా పలకవు. నెమ్మదిగా మాట్లాడితే అర్థమవుతుంది. సాధన చేస్తే బాగుపడుతుంది.”

“వైర్‌లెస్‌లో మాట్లాడితే అర్థమవుతుందా?”

ఆవిడ మొదటిసారి పూర్తిగా నావైపు తిరిగింది. “మీరు వైర్‌లెస్‌లో మాట్లాడతారా?”

“ఆరేళ్ళనుంచి. రెండు సెట్లు, అటొకటి ఇటొకటి. అదండి ఎడమ చెవితో నాకు పని. ఇంకోటి ఇంట్లో ఉంది, అది నా బిడ్డకి తెలుసు. నాకు రెండో దారిలోనే చెయ్యండి.”

“ఏటే?” అని మా ఆయన కుర్చీలో సగం లేచాడు. “పదిమందిలో ముగ్గురికేనని సెప్పినారు కదే. సెవీ దక్కక, మూతీ వొంకరైపోతే? నిన్నెవులు సూత్తారే అప్పుడు?”

అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. అది నాకు స్పష్టంగా వినిపించింది. అందుకే గొంతు పెంచకుండా చెప్పాను.

“నా మొకం సూసీది మీరంతా మావా. ఇనీది నాను. కాయితం ఇలాగియ్యి.”